మామ రాసిన శాపగ్రంథం, నేను పోగొట్టిన నోట్‌బుక్

మా చిన్నమామ ఫోన్ చేస్తే హలో అనడు. "ఏం రా పురుగా, తిన్నవా?" అంటాడు. పెళ్లయిన కొత్తలో ఇది విని మా ఆవిడకు కోపమొచ్చింది. మేనల్లుణ్ని ఎవరైనా కొడుకా అనో, అల్లుడా అనో పిలుస్తారు గానీ పురుగంటారా అని. దాని వెనక ఒక నోట్‌బుక్ ఉంది, ఆ నోట్‌బుక్‌లో ఒక రాజ్యముంది, ఆ రాజ్యంలో ఒక శాపగ్రంథముంది అని ఆమెకు చెప్పేసరికి ఒక పూట పట్టింది. ఇక్కడా అదే చెప్పబోతున్నాను.

అమ్మమ్మ వాళ్లది మర్రిగూడ మండలంలో ఒక పల్లె. మేం నల్లగొండలో ఉండేవాళ్లం. ఎండాకాలం సెలవులు ఇయ్యగానే ఎర్రబస్సెక్కి ఊరికి పోవడం, బడి తెరిచే ముందు రోజు ఏడ్చుకుంటూ తిరిగి రావడం. చిన్నమామ నాకంటే అయిదేళ్లే పెద్ద. వరసకు మామ, ఆటకు జోడీ. పళ్ల మీద గోధుమరంగు చారలుండేవి. నేనేమో పాన్ వేసుకుంటాడేమో అనుకునేవాణ్ని. పదమూడు పద్నాలుగేళ్ల పిల్లగాడు పాన్ ఎందుకు వేసుకుంటాడన్న ఆలోచన నాకెప్పుడూ రాలేదు. ఆ ఊళ్లో అందరి పళ్లూ అట్లాగే ఉండేవి, కాబట్టి అందరూ పాన్ తింటారనుకున్నా. నా తెలివి అంత.

1988 ఎండాకాలం. రాత్రి తిన్నాక కరెంటు పోయేది. వాకిట్లో నులక మంచాలు వరసగా వేసుకుని, కందీలు వత్తి తగ్గించి, మామ కథ మొదలుపెట్టేవాడు. జిల్లా గ్రంథాలయంలో పాత పిల్లల పత్రికలను కుట్టి, అట్టలేసి పెట్టేవాళ్లు. మామ నల్లగొండ వచ్చినప్పుడల్లా నేనక్కడికి తీసుకుపోయేవాణ్ని. వాటిలో మాంత్రికులు, రాకుమారులు, గుహలు బోలెడు. అవి చదివి చదివి "వీళ్లకంటే మంచిగ నేనే రాస్త" అన్నాడు. అన్నట్టే రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ కొని మొదలుపెట్టాడు. పగలు రాసేవాడు, రాత్రి చెప్పేవాడు. రాసినదానికీ చెప్పినదానికీ పొంతన ఉండేది కాదు. చెప్పిందే బాగుండేది.

ఆ పుస్తకం ఊహ అతనికి ఎక్కడిదో నాకు తెలుసు, ఎందుకంటే నేనూ అక్కడే ఉన్నా. ఊళ్లో గుడి అయ్యగారింట్లో ఒక తాళపత్రాల కట్ట ఉండేది. రెండు చెక్కల మధ్య ఆకులు, నడుమ చిల్లులోంచి దారం. ఒక మధ్యాహ్నం ఆయన మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి, రాయని తాటాకు ముక్క మీద గంటంతో "శ్రీ" అని గీసి చూపించాడు. ఏమీ కనపడలేదు. ఆకు మీద సన్నని గాటు, అంతే. వేలితో తడిమితే మాత్రం గీత తగిలింది. తర్వాత దీపం మసిలో చుక్క నూనె కలిపి ఆకంతా పులిమి, గుడ్డతో తుడిచాడు. మసి గాట్లలోనే నిలిచిపోయి, నల్లటి "శ్రీ" పైకి లేచింది. మామ నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాడు.

కట్ట చివర లేఖకుడు రాసుకున్న మాటలు కూడా అయ్యగారు చదివి అర్థం చెప్పాడు. తాటాకు పుస్తకాల చివర ఇట్లాంటివి రాసుకోవడం పాత అలవాటట. నడుం విరిగింది, వీపు విరిగింది, మెడ విరిగింది, చూపు నిలిచిపోయింది, తల కిందికే వంచి ఎంతో కష్టపడి రాశాను, జాగ్రత్తగా కాపాడండి అని లేఖకుడి గోడు. నూనె నుంచి కాపాడు, నీళ్ల నుంచి కాపాడు, కట్టు వదులుకాకుండా కాపాడు, మూర్ఖుడి చేతికి మాత్రం ఇయ్యకు అని పుస్తకమే అడుగుతున్నట్టు ఇంకో మాట. ఆ చివరి ముక్క చెప్తూ అయ్యగారు నా చేతిలోని ఆకును మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

రాతి శాసనాల సంగతి కూడా అప్పుడే చెప్పాడు. రాజులు గుడికి భూమి రాసిచ్చిన శాసనాల చివర శాపం ఉంటుంది: ఆ భూమిని ఎవడు కాజేస్తాడో వాడు 60,000 ఏళ్లు పెంటలో పురుగై పుడతాడు. మామకు ఆ లెక్క తెగ నచ్చింది. "వంద గాదు, వెయ్యి గాదు, అరవై వేలు రా!" అని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాడు. ఇంటికి రాగానే నోట్‌బుక్ మొదటి పేజీలో ఎర్ర ఇంకుతో రాశాడు: ఈ పుస్తకమును అపహరించినవాడును, పోగొట్టినవాడును అరువదివేల సంవత్సరములు పురుగై పుట్టును. పురుగెందుకో తెలిసింది కదా. మిగతాది వస్తుంది.

మామ రాజ్యం పేరు ఛాయాపురి. ఏడు గుట్టల నడుమ కోట. బడివాళ్లు దేవరకొండ కోటకు తీసుకుపోయినప్పుడు చూసిందే తెచ్చి పెట్టాడు. ఆ రాజ్యంలో నీళ్లు భూమి కిందే ఉంటాయి. ఏ గుట్ట కింద ఏ ఊట ఉంది, ఎన్ని నిలువుల లోతులో ఉంది, అది ఏ దిక్కుకు పారుతుంది అన్నది ఒకే ఒక్క ముసలి లేఖకుడికి తెలుసు. నేలకు చెవి ఆనించి వింటాడు. రాజు ప్రచండవర్మ అతన్ని పిలిపించి అదంతా గ్రంథంగా రాయమన్నాడు. వెయ్యి ఆకులు, పన్నెండేళ్లు. ఆఖరి ఆకు రాసేసరికి లేఖకుడి మెడ వంగిపోయింది, ఇక లేవలేదు. గ్రంథం పట్టుకుని సభకొస్తే అతనికి కనిపించింది రాజుగారి చెప్పులే.

రాజు ఏమన్నాడు? "నేల చెప్పింది, నువ్వు గీసినవు. ఇండ్ల నీ కష్టమేముంది?" అని ఒక చింతగింజ చేతిలో పెట్టాడు. మామ కథలో రాజులంతా నల్లగొండ యాసలోనే మాట్లాడేవారు. నోట్‌బుక్‌లోనేమో గ్రాంథికంలో మాట్లాడేవారు. లేఖకుడు ఆ చెప్పులకే మొక్కి ఇట్లా శపించాడట: "నీ ముఖం చూడలేని వాణ్ని అయిపోయిన. ఇది చదివినోడు ఎవని ముఖమూ చూడలేకుండా పోవాలె."

మొదటి ఆకు చదివితే మెడ బిగుసుకుంటుంది. పదో ఆకుకు వీపు. నూరో ఆకుకు మోకాళ్లు. ఆ గ్రంథం పేరు వక్రపత్రం. రాజు దురాశతో ఒక్క రాత్రిలో రెండు వందల ఆకులు చదివేసి, తెల్లారేసరికి సింహాసనం కింద చేతులూ కాళ్లూ మీద పాకుతున్నాడు. ఈ ఘట్టం మామ మంచం దిగి పాకి చూపించేవాడు. మేం నవ్వేవాళ్లం. అమ్మమ్మ ఒక్కతే నవ్వేది కాదు. "బంద్ చెయ్యి రా ఆ ఆట" అని కసిరేది.

గ్రంథం చేతులు మారడం మొదలైంది ఆ తర్వాతే. మంత్రి ఒక చదువురానివాడితో చదివించబోయాడు. వాడికి శాపం తగల్లేదు, ఊట సంగతీ తెలియలేదు. చివరికి రాజు కూతురు నీలాంబ ముందుకొచ్చింది. ఆమెకు చూపు లేదు. ఆకులన్నీ కుంకుడు నీళ్లతో కడిగించింది. మసంతా పోయి అక్షరాలు మళ్లీ ఉత్త గాట్లయ్యాయి. అప్పుడు వేలికొసలతో తడుముతూ వెయ్యి ఆకులూ చదివింది. శాపం కంటితో చదివినవాడికి గానీ వేలితో చదివినవాడికి కాదు. లేఖకుడికి ఆ ఆలోచన రాలేదన్నమాట. పద్నాలుగేళ్ల పిల్లగాడు అయ్యగారి అరుగు మీద చూసిన ఒక్క "శ్రీ" లోంచి ఇంత పట్టుకొచ్చాడంటే నాకు ఇప్పటికీ అబ్బురమే. నేను తర్వాత చాలా ఫాంటసీలు చదివాను, పిల్లలతో కూర్చుని సిరీస్‌లు చూశాను. శాపానికి ఇంత ఒడుపైన సందు ఎక్కడా చూడలేదు. మామ మీద ప్రేమతో అంటున్నానని మీరనుకుంటే అనుకోండి.

నీలాంబ బతికున్నన్నాళ్లు ఛాయాపురిలో బావి తవ్వితే నీళ్లే. ఆమె మనవడికి మాత్రం గొప్పలెక్కువ. దసరా నాడు సభలో చూపించడానికని మళ్లీ మసి రుద్దించాడు. నలభై మంది పండితులు తొంగి చూశారు, నలభై మెడలూ వంగి ఉండిపోయాయి. ఆ రాత్రే ఒక గొర్లకాపరి గ్రంథాన్ని దొంగిలించి ఎవరూ చదవలేని చోట దాచాడు. ఆ చోటు కోసం మామ నెల రోజులు కథ ఆపేశాడు. నిజంగానే. "దొరుకుతలేదు రా" అనేవాడు.

దొరికింది పానగల్లులో. శివరాత్రికి నల్లగొండ వచ్చినప్పుడు అద్దె సైకిల్ మీద ఇద్దరం పోయాం. ఊరికి నాలుగైదు కిలోమీటర్లు. కందూరు చోడుల నాటి ఛాయా సోమేశ్వరాలయం. మూడు గర్భగుళ్లు, నడుమ మండపం. ఒక గర్భగుడిలో లింగం మీద స్తంభం నీడ పడుతుంది, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కదలదు. మామ నీడను చెరుపుదామని ఒక్కొక్క స్తంభం దగ్గర నిలబడి చెయ్యి అడ్డం పెట్టాడు. నేను లోపలికి చూసి "ఉంది మామా, ఉంది" అని అరుస్తూ ఉన్నా. ఆ గదిలోకి ఎండ నేరుగా రాదని, స్తంభాల సందుల్లోంచి చెదిరి వచ్చే వెలుతురే పడుతుందని, అందుకే పొద్దు తిరిగినా నీడ తిరగదని చాలా ఏళ్లకు గానీ నాకు తెలియలేదు. ఆ రోజు మాకు తెలిసిందల్లా గొర్లకాపరి వక్రపత్రాన్ని ఎక్కడ పెట్టాడన్నది. కదలని నీడలో. అక్కడ అక్షరం కనపడదు.

తిరిగొచ్చేటప్పుడు ఉదయసముద్రం కట్ట మీద సైకిల్ ఆపి మామ చాలాసేపు నీళ్లకేసి చూశాడు. తల తిప్పి కాదు, మనిషంతా తిరిగి. అప్పటికే అట్లా తిరగడం మొదలైందేమో. నేను గమనించలేదు. ఇప్పుడు గుర్తు చేసుకుంటుంటే కనిపిస్తోంది.

తర్వాతి ఎండాకాలం ఊరికి పోతే బోరింగు మీద ఎర్ర రంగు వేసి ఉంది. ఎవరో వచ్చి సీసాల్లో నీళ్లు పట్టుకుపోయారట, ఇవి తాగొద్దన్నారట. "మరి ఏం తాగాలె?" అని అమ్మమ్మ అడిగితే దానికి వాళ్ల దగ్గర జవాబు లేదట. బిందెలు మళ్లీ అక్కడికే పోయేవి. ఆ నీళ్లకు రంగు లేదు, వాసన లేదు, తాగితే మంచిగానే ఉండేవి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఫ్లోరైడు ప్రమాదమంటారు. మా వైపు నల్లరాతి నేలలోంచే అది నీళ్లలోకి దిగుతుంది. పళ్లతో మొదలై ఎముకలకు పోతుంది. కీళ్లు బిగుస్తాయి, నడుం వంగుతుంది. అమ్మమ్మ వాడకట్టులో నలభై ఏళ్లు దాటినవాళ్లలో నిటారుగా నిలబడేవాళ్లు తక్కువ. ఈ రోగం పుణ్యమాని మా జిల్లా పేరు దేశదేశాల పుస్తకాలకెక్కింది: పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడు తీసే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ తయారుచేసి దానికి నల్లగొండ టెక్నిక్ అని పేరు పెట్టింది. టెక్నిక్ పేరు మాది. అమ్మమ్మ ఇంట్లో మాత్రం అదే బోరింగు, అదే బిందె.

ఆ ఎండాకాలమే వక్రపత్రం చెరువులో పడింది. శత్రువులు కోట చుట్టుముడితే గొర్లకాపరి గ్రంథాన్ని నీడలోంచి తీసి చెరువులో విసిరేశాడు. మసి కరిగి నీళ్లలో కలిసింది. ఆ చెరువు నీళ్లు తాగినవాళ్లందరి మెడలూ బిగుసుకున్నాయి. నాకు ఇది అన్యాయమనిపించింది. మంచం మీద లేచి కూర్చున్నా.

"వాళ్లు చదవలేదు గదా మామా! వాళ్లకెందుకు శాపం?"

మామ కాసేపు ఏమీ అనలేదు. పక్క మంచం మీద అమ్మమ్మ విసనకర్ర చప్పుడు కూడా ఆగింది.

"నీళ్లు అడుగుతయా రా," అన్నాడు, "నువ్వు చదివినవా లేదా అని?"

ఇక శాపవిమోచనం మిగిలింది. ఏడు గుట్టల అవతల పారే నదిని ఛాయాపురికి తెచ్చి చెరువు నింపితే శాపం తొలగుతుంది. నది పల్లంలో ఉంది, కోట మెరకలో ఉంది. మేం పిల్లలం రకరకాల ఉపాయాలు చెప్పాం. రెక్కల గుర్రం, గండభేరుండం, మంత్రదండం. మామ ఒక్కటీ ఒప్పుకోలేదు. "అవన్నీ చోర్ బాజీలు రా. నీళ్లు మెరకెక్కాలంటే ఏదన్న లెక్క ఉండాలె" అనేవాడు. అతనికి తెలిసిన లెక్క ఒకటే. 1955లో పునాదిరాయి పడ్డ నాగార్జునసాగర్ మా జిల్లా అంచునే ఉంది. దాని ఎడమ కాలువ నీళ్లు మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు పల్లానికి పోతాయి గానీ మర్రిగూడ మెరకకు ఎక్కవు. కథ అక్కడే ఆగింది. నూట డెబ్బై పేజీల దగ్గర.

1991లో సెలవులు అయిపోయేటప్పుడు నోట్‌బుక్ నేను అడిగి తెచ్చుకున్నా, బడిలో దోస్తులకు చూపిస్తానని. మామ మొదటి పేజీ తెరిచి, ఎర్ర ఇంకు మీద వేలు పెట్టి చూపించి మరీ ఇచ్చాడు. దసరాకు మేం ఇల్లు మారాం. సామాను సర్దేటప్పుడు అమ్మ పాత పుస్తకాలన్నీ కలిపి చిత్తుకాగితాల వాడికి తూకానికి వేసేసింది. అందులో అదీ పోయింది. నాకు తెలిసింది నాలుగు రోజుల తర్వాత.

అప్పుడు నేను చేసిన పని ఇప్పటికీ ఎవరికీ చెప్పుకోలేదు. గడియారం సెంటర్ చుట్టుపక్కల మిర్చి బజ్జీల బండ్లన్నీ తిరిగాను. జేబులో డబ్బులున్నన్నాళ్లు రోజూ ఒక పొట్లం కొని, బజ్జీలు పక్కన పెట్టి, నూనె మరకల కాగితం విప్పి చూసేవాణ్ని. లెక్కల పరీక్ష పేపర్లు దొరికాయి. ఎవరిదో పెళ్లి శుభలేఖ దొరికింది. ప్రచండవర్మ దొరకలేదు. మూడు వారాలకు కడుపునొప్పి వచ్చి ఆపేశా. నూనె నుంచి కాపాడు, మూర్ఖుడి చేతికి ఇయ్యకు అన్న రెండు మాటలూ నా ఒక్కడి వల్లే తప్పాయి.

మామ తిట్టలేదు. "నువ్విగ పురుగువే" అన్నాడు, ఆ పేరు ఖాయమైంది. మళ్లీ రాయమని చాలాసార్లు అడిగా. నవ్వి ఊరుకునేవాడు. ఇంటర్ మధ్యలో ఆపేసి ఊళ్లో కిరాణా కొట్టు పెట్టాడు. రోజంతా కూర్చునే పని కావాలి కదా.

గ్రంథం మళ్లీ ఒక్కసారి కథలోకొచ్చింది, 1996 లోక్‌సభ ఎన్నికలప్పుడు. ఫ్లోరైడు నీళ్ల సంగతి దేశానికి తెలియాలని నల్లగొండ నియోజకవర్గంలో జనం మూకుమ్మడిగా నామినేషన్లు వేశారు. బరిలో 480 మంది నిలబడ్డారు. అన్ని పేర్లకు బ్యాలెట్ అచ్చేయడం ఎన్నికల సంఘానికే పరేశానైంది, పోలింగ్ వాయిదా పడింది. ఆ దెబ్బకు ఆ ఏడాదే లోక్‌సభ డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు. నాకింకా ఓటు లేదు. మామ ఓటేసి వచ్చి మా ఇంటికి ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాడు. అప్పటికి అతను కర్ర పట్టుకుని నడుస్తున్నాడు.

"అరే పురుగా, వక్రపత్రం మళ్ల బయటికొచ్చింది రా! ఇయ్యాల బూతుల జూసిన. ఆకులకు ఆకులు పేర్లే. నా తరీఖన నేను వేలుతోనే చదివిన. ముద్ర కొట్టిన."

మొన్న 2024 సంక్రాంతికి ఊరికి పోయాం. ఇప్పుడు వాకిట్లో నల్లా ఉంది, కృష్ణా నీళ్లొస్తున్నాయి. లెక్క కుదిరింది, మోటార్లు పెట్టి మెరకెక్కించారు. ఆ వాడకట్టు చిన్నపిల్లల పళ్లు తెల్లగా ఉన్నాయి. మామ గద్దె మీద కూర్చుని ఉన్నాడు. మెడ తిరగదు, కాబట్టి మనం ఎదురుగా పోయి కూర్చోవాలి. మా అబ్బాయి ఆ సంగతి ఎవరూ చెప్పకుండానే కనిపెట్టి, కింద చాప మీద కూర్చుని తల పైకెత్తి మాట్లాడుతున్నాడు.

ఎన్నో ఏళ్లుగా అడగాలనుకున్నది అప్పుడు అడిగాను. "మామా, ఆ శాపం, మెడలు వంగడం... మనూరోళ్లను చూసే రాసినవు గదా?"

"ఎహె, గదేం లేదు" అన్నాడు వెంటనే. "మా లెక్కల సారు నన్ను గంటలకొద్ది గోడకుర్చీ ఏయించెటోడు. ఆయన మీద కోపంతోని రాసిన." తర్వాత మా అబ్బాయి వైపు చూసి, "మీ నాయన నా పుస్తకం పోగొట్టిండు, ఎరికేనా? ముప్పై మూడేండ్లయింది."

వేళ్ల మీద ఏదో లెక్కేసుకున్నాడు. లెక్కల్లో మామకు ఎప్పుడూ వందకు వందే.

"ఇంక 59,967 ఏండ్లున్నయ్ రా పురుగా. చాయ్ తాగి పో."